పెన్‌డ్రైవ్ కాదు, వేప్: బడి సంచిలో నికోటిన్ గురించి మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద, పిల్లల చేతికి చేరుతున్న వేప్ (బ్యాటరీతో పనిచేసే ఇ-సిగరెట్టు) మీద ఉన్నాయి. ఛాతీ వైద్యం చేసేవాళ్లం, బడిపిల్లల కౌన్సెలింగ్ చూసేవాళ్లం కలిసి కూర్చుని జవాబులు రాశాం. రాసినవారి పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడి జామెట్రీ బాక్సులో పెన్‌డ్రైవ్ లాంటిది దొరికింది. మూతి దగ్గర మామిడిపండు వాసన. అడిగితే "అమ్మా, అది ఉత్త నీటి ఆవిరి, నికోటిన్ లేదు" అంటున్నాడు. నమ్మాలా?
*– ఒక తల్లి, గుంటూరు*

అబ్బాయి అబద్ధం ఆడుతుండకపోవచ్చు. అమ్మినవాడు వాడికి అలాగే చెప్పి ఉంటాడు. కానీ మాట మాత్రం నిజం కాదు.

ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చేది ఆవిరి. వేప్‌లోంచి వచ్చేది అది కాదు. లోపల ఒక చిన్న లిథియం బ్యాటరీ, సన్నటి తీగ చుట్ట (దీన్నే కాయిల్ అంటారు), దాన్ని అంటుకుని ద్రవంలో నానిన దూది ఉంటాయి. నోటితో పీల్చగానే సెన్సర్ పనిచేసి తీగ వేడెక్కుతుంది, దూదిలోని ద్రవం సన్నటి తుంపరగా మారుతుంది. ఆ ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం కలిపే రసాయనాలు, నికోటిన్. ద్రవం అయిపోవస్తుంటే దూది ఎండి మాడుతుంది. అప్పుడు గొంతు మండుతుంది, ఫార్మాల్డిహైడ్ లాంటివి ఎక్కువగా పుడతాయి. "ఈమధ్య మాడు వాసన వస్తోంది" అని వాడే అన్నాడంటే, ఆ పరికరాన్ని చివరిదాకా వాడాడని అర్థం.

ఇక లెక్క చూడండి. డబ్బా మీద "5%" అని ఉంటే ఒక మిల్లీలీటరు ద్రవంలో సుమారు 50 మిల్లీగ్రాముల నికోటిన్ అన్నమాట. పది మిల్లీలీటర్లు పట్టే పరికరమైతే 500. ఒక సిగరెట్టు కాలిస్తే ఒంట్లోకి చేరేది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంటే ఇరవై సిగరెట్ల పెట్టె మొత్తం కాల్చినా 20 నుంచి 30. వేప్‌లో ఉన్నదంతా ఒంటికి పట్టదు, కొంత బయటికి పోతుంది. అది తీసేసినా మిగిలే లెక్క చిన్నది కాదు. పోలిక కోసం చెబుతున్నాం, యూరోపియన్ యూనియన్‌లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. మన దగ్గర 2019లోనే ఇ-సిగరెట్లను పూర్తిగా నిషేధించారు. కాబట్టి ఇక్కడ దొరికేదంతా దొంగసరుకే. "0%" అని రాసి ఉన్నా ఆ మాటకు పూచీ పడేవాడు లేడు.

సిగరెట్టు మొదటిసారి తాగినవాడు దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. వేప్‌కు ఆ అడ్డు కూడా లేదు. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి లవణంగా మారుస్తారు, దాంతో గొంతులో ఘాటు తగ్గిపోతుంది. ఘాటు లేదు కాబట్టి పిల్లలు ఎక్కువసేపు పీలుస్తారు. పది, ఇరవై సెకన్లలో అది మెదడుకు చేరుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పరికరాన్ని విప్పకండి, గ్యాస్ పొయ్యి దగ్గరా ఎండలోనా పెట్టకండి, చెత్తబుట్టలో వేయకండి. లిథియం బ్యాటరీ నలిగినా పొడుచుకున్నా అంటుకుంటుంది. మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ద్రవం చేతికి అంటితే సబ్బుతో బాగా కడుక్కోండి, నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ఒంగోలు వైపు మంచుకు తడిసిన పొగాకు ఆకు కోసే కూలీలకు కడుపులో తిప్పి తల తిరిగేది ఇందుకే. ఇంట్లో చంటిపిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త. ద్రవం నోట్లో పోసుకుంటే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

అబ్బాయిని "ఎందుకు తాగావు" అని అడక్కండి. ఆ ప్రశ్నకు ఏ పిల్లవాడి దగ్గరా జవాబు ఉండదు. మూడు మాటలు అడగండి: పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిసారి పీలుస్తావు? క్లాసులో కూర్చున్నప్పుడు దాని మీదికి మనసు పోతుందా? మానేద్దామనుకుని మానలేకపోయావా? లేచిన అరగంటలోపే పీలుస్తున్నాడంటే అలవాటు ముదిరినట్టు. మిగతా రెంటిలో ఒక్కదానికి అవునన్నా పట్టు మొదలైనట్టే. ఎప్పుడో స్నేహితుడిది ఒకసారి పీల్చి చూసినవాడికి, లేస్తూనే దిండు కింద చేయి పెట్టి వెతుక్కునేవాడికి ఒకే చికిత్స కుదరదు.

మా ఉన్నత పాఠశాలలో ఇద్దరు పదో తరగతి పిల్లలు, ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు టాయిలెట్‌లో వేప్ పీలుస్తూ దొరికారు. టీసీ ఇచ్చి పంపేయమని కమిటీ పట్టుబడుతోంది. పోలీసు కేసు అవుతుందేమోనని తల్లిదండ్రులు భయపడుతున్నారు. ఏం చేయాలి?
*– ప్రధానోపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా*

ముందు ఎనిమిదో తరగతి పిల్లవాడి సంగతి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి వెళ్లగొట్టకూడదు. ఆ మాట కమిటీకి చదివి వినిపించండి. పదో తరగతి పిల్లల విషయంలోనూ టీసీ వద్దనే మేమంటాం. నికోటిన్ పట్టిన పిల్లవాడిని వారం రోజులు ఇంటికి పంపితే రోజంతా వేప్‌తో కూర్చోవడానికి తీరిక దొరుకుతుంది, అంతే.

చట్టం ఎవరి మీద ఉందో సరిగ్గా తెలుసుకోండి. 2019 నాటి ఇ-సిగరెట్ల నిషేధ చట్టం తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనల మీద నిషేధం పెట్టింది. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ పెట్టినవాడికి ఆరు నెలల వరకు జైలు లేదా యాభై వేల వరకు జరిమానా, లేదా రెండూ. పీల్చినందుకు ఇంత శిక్ష అని అందులో విడిగా సెక్షన్ లేదు. కాబట్టి తల్లిదండ్రులకు ధైర్యం చెప్పండి. కానీ పిల్లల్లో ఒకడు మిగతావాళ్లకు తెచ్చి అమ్ముతుంటే అది అమ్మకమే. దాన్ని చూసీ చూడనట్టు వదలకండి.

సిగరెట్టు, గుట్కా విషయం వేరు. 2003 పొగాకు నియంత్రణ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపువాళ్లకు అమ్మకూడదు, విద్యాసంస్థకు వంద గజాల లోపు అసలే అమ్మకూడదు. ఇక్కడ చాలా బడులు చేసే పొరపాటు ఒకటుంది. గేటు దగ్గర నిలబడి రోడ్డు వెంట టేపు పట్టి కొలుస్తారు. నియమాలు చెప్పేది అలా కాదు. ప్రహరీ బయటి అంచు నుంచి అన్ని వైపులకూ నేరుగా వంద గజాలు, అంటే సుమారు 91 మీటర్లు. గేటు నుంచి చుట్టూ తిరిగి వెళ్తే రెండు వందల గజాలు వచ్చే వెనక సందులోని పాన్ డబ్బా, ఆట స్థలం గోడకు నలభై గజాల్లోనే ఉండొచ్చు. మ్యాప్ మీద వృత్తం గీసి చూడండి. వేప్‌లకైతే ఈ కొలతలేవీ అక్కర్లేదు, ఎంత దూరంలో అమ్మినా నేరమే.

పొగాకు నియంత్రణ చట్టం కింద ఆ దుకాణదారుడికి పడే జరిమానా 200 రూపాయల వరకే. ఆ 200 ఎవరినీ భయపెట్టదు, పూట బేరంలో వెనక్కి వస్తుంది. ఫిర్యాదులో దానితో పాటు బాలల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షన్ కూడా రాయండి. వైద్యుడి సలహా లేకుండా పిల్లవాడికి పొగాకు ఉత్పత్తి ఇచ్చినవాడికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా అందులో ఉన్నాయి. ఫిర్యాదు నోటిమాటగా కాక కాగితం మీద ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. దుకాణం ఉన్న చోటు, అమ్మే వేళ, వస్తువు పేరు ఉండాలి. పిల్లల పేర్లు ఉండకూడదు. ఇ-సిగరెట్ చట్టం కింద ఎస్సై హోదా నుంచి పైవాళ్లు సోదా చేయవచ్చు.

పట్టుకున్న వేప్‌లను బీరువాలో పోగేయకండి. తేదీ, రంగు, పరికరం మీది రాత రిజిస్టరులో రాసి, ఇద్దరు టీచర్లతో సంతకాలు పెట్టించి, రెండు మూడు రోజుల్లో స్టేషన్‌కు అప్పగించి రసీదు తీసుకోండి. "ఎలా ఉంటుందో చూద్దాం" అని స్టాఫ్ రూములో ఎవరూ పీల్చి చూడకూడదు. నవ్వులాటకు రాయడం లేదు, జరిగే పనే.

టాయిలెట్లకు తాళాలు వేయడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. ఆడపిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసి మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటారు. పొగ పసిగట్టే సెన్సర్లు ఉన్నాయి కానీ బాడీ స్ప్రే కొట్టినా మోగుతాయి. నాలుగు రోజులు ఉత్తుత్తిగా మోగితే ఐదో రోజు ఎవరూ కదలరు. ఖర్చు లేని పద్ధతి ఒకటి చెబుతాం. ఏ పీరియడ్‌లో ఎవరు బయటికి వెళ్లారో రెండు వారాలు చిన్న పుస్తకంలో రాయించండి. నికోటిన్ రక్తంలో సగానికి తగ్గడానికి రెండు గంటలు పడుతుంది. అలవాటు పడ్డవాడికి ఆలోపే గుంజుడు (మళ్లీ పీల్చాలన్న ఆరాటం) మొదలవుతుంది. రోజూ అదే వేళకు, అదే ఇద్దరు ముగ్గురు కలిసి లేస్తుంటే పుస్తకమే చెబుతుంది.

దొరికిన రోజు పది నిమిషాలు, మూడో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఒకసారి, ఇలా ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడే ఏర్పాటు చేయండి. మూడో రోజే ఎందుకంటే, మానేసినవాడికి బాధ బాగా ముదిరేది అప్పుడే. ఆ రోజు వాడు క్లాసులో చిరాకుపడితే పొగరు అనుకోకూడదని మిగతా టీచర్లకూ చెప్పి ఉంచండి.

నేను టెన్త్. ఎనిమిది నెలల నుంచి వేప్ వాడుతున్నా. రెండుసార్లు మానేశా, రెండో రోజు సాయంత్రానికి పిచ్చెక్కినట్టయి మళ్లీ మొదలుపెట్టా. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అది లేకపోతే చదువు ఎక్కట్లేదు. ఇంట్లో తెలియదు.
*– ఊరు రాయలేదు*

తమ్ముడూ, రెండో రోజు సాయంత్రం ఓడిపోయావంటే నీలో లోపం ఉందని కాదు. మానేసిన కొన్ని గంటల్లో మొదలయ్యే గుంజుడు రెండో రోజు, మూడో రోజుకు శిఖరానికి చేరుతుంది. అక్కడి నుంచి దిగుతుంది. నువ్వు రెండుసార్లూ కొండ ఎక్కి, దిగే దారి కనిపించే ముందు వెనక్కి తిరిగావు. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది.

అది పీలిస్తేనే చదువు ఎక్కుతోందన్న మాటలో సగం నిజం ఉంది. నికోటిన్ తగ్గినప్పుడు చిరాకు, తల దిమ్ము, ఒక్కచోట కూర్చోలేకపోవడం వస్తాయి. పీల్చగానే అవి పోతాయి. అదే నీకు ఏకాగ్రతలా అనిపిస్తుంది. వేప్ పట్టకముందు నీకు ఊరికే ఉన్న ఏకాగ్రతే అది, ఇప్పుడు డబ్బులు పెట్టి గంటకోసారి కొనుక్కుంటున్నావు.

రోజు ఎంచుకో. పరీక్షకు ముందు వారం వద్దు. సంక్రాంతి సెలవుల మొదటి రోజు సరిగ్గా సరిపోతుంది, మొదటి మూడు రోజులు బడి ఉండదు, ఇంట్లో జనం ఉంటారు, చేతికి పని దొరుకుతుంది. ముందు రోజు రాత్రి పరికరం, ఛార్జింగ్ వైరు, ఖాళీ పాడ్‌లు అన్నీ వదిలించుకో. అత్యవసరానికి ఒకటి దాచుకుంటే రెండో రోజు సాయంత్రం నీ చేయి దాని మీదికే పోతుంది. అమ్మేవాడి నంబరు, ఇన్‌స్టా ఖాతా బ్లాక్ చేయి.

గుంజుడు ఒక్కో అలలా వస్తుంది, మూడు నుంచి ఐదు నిమిషాల్లో విరుగుతుంది. గడియారం చూసుకో. ఆ ఐదు నిమిషాలకు పని ముందే అనుకుని ఉండాలి. చల్లటి నీళ్లు గ్లాసుడు నిదానంగా తాగు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు, పదిసార్లు. మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగు. నోటికి ఏదో ఒకటి కావాలనిపిస్తే సోంపు, లవంగం, వేయించిన పల్లీలు పెట్టుకో. వక్కపొడి, పాన్ మసాలా మాత్రం వద్దు, వక్క ఇంకో అలవాటు. నికోటిన్ పౌచ్‌లు (పెదవి కింద పెట్టుకునే చిన్న సంచులు) "సేఫ్" అని స్నేహితుడు ఇచ్చినా తీసుకోకు. అవి కూడా అదే మందు, వేరే పొట్లం.

మొదటి వారం నిద్ర సరిగా పట్టదు, ఆకలి ఎక్కువవుతుంది. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు మానెయ్. చదువును ఇరవై ఐదు నిమిషాల ముక్కలుగా చెయ్, మధ్యలో ఐదు నిమిషాలు లేచి నడువు. మొదటి నాలుగు రోజులు కొత్త పాఠాలు ముట్టుకోకు, వచ్చిన లెక్కలే మళ్లీ చెయ్.

పదో రోజు ఎవడో ఇస్తే ఒక్కసారి పీల్చావనుకో. "ఇక పోయింది" అని పూర్తిగా మొదలుపెట్టకు. ఎక్కడ, ఎవరితో, ఏ వేళకు జారావో రాసుకుని, ఆ సాయంత్రం నుంచే కొనసాగించు. "వద్దు" అనడం కష్టంగా ఉంటే "డాక్టర్ ఛాతీ పరీక్ష రాశాడు, ఇప్పుడు కుదరదు" అను. ఎవరూ రెండోసారి అడగరు.

నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది, కానీ 18 లోపు వాళ్లు సొంతంగా వాడకూడదు. లేచిన అరగంటలోపే పీల్చే స్థాయిలో ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లు. రాసిచ్చినా చూయింగ్ గమ్‌లా నమలకూడదు. ఘాటు తగలగానే దవడకు బుగ్గకు మధ్య పెట్టి ఆపాలి, ఘాటు తగ్గాక మళ్లీ రెండు నములు. గబగబా నమిలితే రసం కడుపులోకి పోయి వెక్కిళ్లు, వికారం వస్తాయి. ముందు పావుగంట కాఫీ, కూల్‌డ్రింకు తాగితే గమ్ పనిచేయదు.

జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ ఉచితం. మనసు మరీ దిగులుగా ఉంటే టెలీ మానస్ 14416. ఇంట్లో ఒక్కరికైనా చెప్పు. నాన్న కాకపోతే పిన్నికో మేనమామకో. మూడో రోజు నీ చిరాకును కాచుకోవడానికి ఒక మనిషి కావాలి.

మాది మండల కేంద్రంలోని బడి. వేప్‌లు ఇక్కడిదాకా రాలేదు. మా పిల్లలది గుట్కా, ఖైనీ, పెదవి కింద పెట్టుకునే చిన్న సంచులు. పత్రికలన్నీ వేప్ గురించే రాస్తాయేం?
*– వ్యాయామ ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా*

న్యాయమైన దెబ్బ. 2019 జాతీయ సర్వేలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం ఏదో ఒక పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఇ-సిగరెట్ ఎప్పుడైనా రుచి చూసినవాళ్లు 2.8 శాతం. ఊరి బడికి మీరు చెప్పిందే పెద్ద సమస్య.

మీరు మైదానంలోనే చేయగల పరీక్ష ఉంది. పిల్లవాడిని నోరు పూర్తిగా తెరవమని, తన చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి పై, కింది పళ్ల మధ్య పెట్టమనండి. మూడూ పట్టాలి. రెండే పడితే బుగ్గల లోపలి పొర గట్టిపడుతున్నట్టు అనుమానించాలి. వక్క కలిసిన గుట్కా నమిలేవాళ్లలో వచ్చే జబ్బు ఇది, ముందు ముందు నోటి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. కారం తగిలితే నోరు భగ్గుమంటోందనడం, ఈల వేయలేకపోవడం, బుగ్గ లోపల పాలిపోయి తెల్లగా కనిపించడం ముందస్తు గుర్తులు. సంచి పెట్టుకునేవాళ్లకు కింది పెదవి లోపల, పెట్టే చోటే, ముడతలు పడి తెల్లటి మచ్చ ఉంటుంది, అక్కడ చిగురు కిందికి జారి ఉంటుంది. పెదవి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. రెండు వారాలు మానినా మచ్చ తగ్గకపోతే పళ్ల డాక్టరుకు చూపించాలి. అందరినీ వరసలో నిలబెట్టి మాత్రం చూడకండి, పళ్ల పరీక్ష రోజు అని పెట్టి ఒక్కొక్కరినీ చూడండి.

బాబుకు తెలియకుండా మూత్ర పరీక్ష చేయించవచ్చా?
*– హైదరాబాద్*

నికోటిన్ ఒంట్లో మారి ఏర్పడే కోటినిన్‌ను ఆ పరీక్ష పట్టుకుంటుంది. మూత్రంలో మూడు నాలుగు రోజుల వరకు కనిపిస్తుంది. కానీ గమ్ నమిలినా పాజిటివే, వారం క్రితం పీలిస్తే నెగెటివే. దొంగచాటుగా చేయించారని తెలిసిన రోజు మీకూ వాడికీ మధ్య మాటలు ఆగిపోతాయి. వాడే ఒప్పుకుని, మానాక "చూడండి" అని చూపించుకోవడానికైతే ఉపయోగపడుతుంది.

మేం డాలస్‌లో ఉంటాం. ఏడో తరగతి అమ్మాయి బ్యాగులో వేప్ దొరికిందని స్కూలు నుంచి పిలుపు వచ్చింది. సెలవుల్లో ఇండియాకు పంపేస్తే మానుతుందా?
*– టెక్సస్ నుంచి*

ముందు ఆ పరికరంలో ఉన్నది నికోటినా, గంజాయి నూనెనా అన్నది తేల్చుకోండి. టెక్సస్‌లో రెండోది ఎంత కొంచెమైనా తీవ్రమైన నేరం. వీసా మీద ఉన్న కుటుంబానికి ఇమిగ్రేషన్ చిక్కులూ తెచ్చిపెట్టవచ్చు. అలాగైతే లాయర్‌ను కలవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకండి. నికోటిన్ అయితే, 2023 సెప్టెంబరు నుంచి వేప్‌తో దొరికిన విద్యార్థిని తప్పనిసరిగా ప్రత్యామ్నాయ క్రమశిక్షణ బడికి పంపాలన్న నిబంధన ఉండేది. 2025లో దాన్ని సడలించి మొదటిసారి తప్పుకు స్కూలుకు వెసులుబాటు ఇచ్చారు. కాబట్టి మీటింగులో "మొదటిసారి, కౌన్సెలింగ్‌కు ఒప్పుకుంటున్నాం" అని రాతపూర్వకంగా అడగండి.

ఇండియాకు పంపడం మందు కాదు. ఇక్కడా ఇన్‌స్టాలో ఆర్డరు పెడితే బైకు మీద ఇంటికే వస్తోంది. పంపితే అమ్మమ్మగారికి ముందే విషయం చెప్పి పంపండి. అక్కడి నుంచి వచ్చే అన్నయ్యలకూ ఒక మాట చెప్పండి, కజిన్స్‌కు బహుమతిగా వేప్ తీసుకురావడం దిగుమతి కిందికే వస్తుంది, శంషాబాద్ కస్టమ్స్‌లో దొరికితే పోతుంది.

నేను రోజుకు ఎనిమిది సిగరెట్లు కాలుస్తాను. కొడుక్కి ఏ మొహం పెట్టుకుని చెప్పను?
*– విజయనగరం*

ఆ మొహంతోనే చెప్పండి. "నేను మానలేకపోతున్నాను, ఎంత కష్టమో నాకు తెలుసు" అన్న తండ్రి మాట, ఎప్పుడూ ముట్టనివాడి ఉపన్యాసం కంటే బాగా ఎక్కుతుంది. అయితే ఈ రాత్రి నుంచే రెండు పనులు చేయాలి: ఇంట్లో, బండి మీద వాడి ముందు కాల్చడం ఆపాలి, కొట్టుకు వెళ్లి పెట్టె తెమ్మని వాణ్ణి పంపకూడదు. కుదిరితే ఇద్దరూ ఒకే తేదీ పెట్టుకోండి. మీకు 18 దాటాయి కాబట్టి రెండు మిల్లీగ్రాముల గమ్ మీరు షాపులోనే కొనుక్కోవచ్చు.